సడావో మునెమోరి

1922 ఆగస్టు 17వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున జపాను దేశమునుండి వలస వచ్చిన దంపతులకు సడావో మునెమోరి జన్మించెను. ఆ నేలపై పుట్టుటచే శిశువు అమెరికా పౌరుడయ్యెను. తల్లిదండ్రులకు మాత్రము ఆ హక్కు లేదు. వలస వచ్చిన జపానీయులు పౌరులు కాజాలరని ఆ సంవత్సరము నవంబరులోనే అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. మరుసటి యేడు భారతీయుల విషయమునను అట్లే తీర్పు వచ్చెను. వలస వచ్చిన తరమువారిని జపాను భాషలో ఇస్సే లనియు, వారి బిడ్డలను నిసే లనియు అందురు. ఒకే కప్పు క్రింద తల్లి పరదేశియు, కుమారుడు స్వదేశియు నగుట ఆనాటి వింత.

సడావో ఉన్నత పాఠశాల చదువు ముగించి మోటారు బండ్లు బాగుచేయు పనిలో ప్రవేశించెను. 1941 నవంబరులో సైన్యమున చేరుటకు తానై ముందుకు వచ్చెను. డిసెంబరు 7న జపాను విమానములు హవాయి దీవులలోని పెర్ల్ హార్బరుపై బాంబులు కురిపించెను. అంతటితో అమెరికా పశ్చిమ తీరమందలి జపాను సంతతివారందరును అనుమానమునకు గురియైరి. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్టు జారీచేసిన ఆజ్ఞ ననుసరించి సుమారు 1,20,000 మందిని ఇండ్లనుండి వెడలించి పది శిబిరములలో నిర్బంధించిరి. వారిలో మూడింట రెండు వంతులు పుట్టుకచే అమెరికా పౌరులే! చేత మోసికొనిపోగల సామాను తప్ప మరేమియు తీసికొనిపోనీయలేదు. దుకాణములను, పడవలను వచ్చిన ధరకు తెగనమ్ముకొనిరి. దాడి జరిగిన హవాయిలో మాత్రము, జనాభాలో మూడవ వంతుకు పైగా జపాను సంతతివారే యగుటచే, వారిని తరలించినచో పనిపాటలు నిలిచిపోవునని ఆ పనికి పూనుకొనలేదు. అపాయ మెంత నిజమో దీనినిబట్టియే ఊహింపవచ్చును.

సడావో తల్లిని, తోబుట్టువులను మాంజనార్ శిబిరమునకు పంపిరి. అది కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండలకు తూర్పుననున్న ఎడారి లోయ. తారు కాగితము కప్పిన కొయ్య ఇండ్లు, పలకల సందులనుండి లోనికి వచ్చు ఇసుక, చుట్టును ముళ్లతీగ, ఎనిమిది కావలి గోపురములు. కావలివారు ధరించిన దుస్తులనే వారి కుమారుడును ధరించియుండెను.

సైన్యమునందును నిసేలను నమ్మలేదు. అనేకులను ఆయుధములకు దూరముగా చిల్లర పనులలో నియోగించిరి. సడావో కొంతకాలము మిన్నెసోటాలోని సైనిక పాఠశాలలో జపాను భాష నభ్యసించెను. 1943లో నిసే సైనికులతో 442వ పటాలము ఏర్పడగా, అతడు భాషాపాఠములు విడిచి యుద్ధరంగమునే కోరుకొనెను. పిమ్మట ఆ పటాలమునకు చెందిన 100వ దళముతో ఇటలీలో పోరాడెను.

ఉత్తర ఇటలీ కొండలలో జర్మనులు కట్టుదిట్టమైన రక్షణశ్రేణిని నిర్మించుకొనియుండిరి. 1945 ఏప్రిల్ 5న సెరవెజ్జా సమీపమున దానిపై దాడి జరిగెను. మరతుపాకుల కాల్పులకు నిసేలు తలయెత్తలేకపోయిరి. నాయకుడు గాయపడగా చిన్న గుంపునకు సడావోయే నాయకుడయ్యెను. అతడొంటరిగా ముందుకు సాగి చేతిబాంబులతో రెండు మరతుపాకులను ధ్వంసము చేసెను. తిరిగి వచ్చుచు, ఫిరంగి గుండు త్రవ్విన గోతిని ఇంచుమించు చేరెను. అందు అతని తోడివారిద్దరు దాగియుండిరి. ఇంతలో శత్రువుల చేతిబాంబొకటి అతని ఉక్కు టోపీకి తగిలి, ప్రేలకయే వారివైపు దొర్లెను. ఆలోచించుటకు వ్యవధి లేదు. సడావో లేచి దానిపై పడి, తన దేహముతోనే దానిని కప్పివేసెను. తోడివారు బ్రతికిరి. అతనికి ఇరువదిరెండేండ్లు. ఇటలీలో జర్మనుల లొంగుబాటు అమలులోనికి వచ్చుటకు అప్పటికి 27 దినములే యుండెను. మాంజనార్ శిబిరము మాత్రము నవంబరు వరకు మూతపడలేదు.

1946 మార్చి 13న అమెరికా సైన్యపు అత్యున్నత గౌరవ పతకమును అతని తల్లి చేతికిచ్చిరి. కుమారుని ప్రాణమును స్వీకరించిన దేశమున ఆమె యింకను పరదేశియే. ఆ తరమువారికి పౌరసత్వపు హక్కు నిచ్చు చట్టము 1952లో గాని రాలేదు. నిర్బంధమునకు 1988లో ప్రభుత్వము క్షమాపణ చెప్పి, బ్రతికియున్నవారికి తలకు 20,000 డాలర్లిచ్చెను. యుద్ధకాలపు సాహసమునకు ఆ పటాలమున అప్పట్లో ఈ పతకము లభించినది సడావో ఒక్కనికే. పాత పత్రములు తిరిగి పరిశీలింపగా, 2000లో మరి ఇరువది మందికి అది లభించెను. ఆ యేడే ఇటలీలోని పియెత్రసాంత పట్టణమున సడావో విగ్రహమును నెలకొల్పిరి. సెరవెజ్జా కొండలు అచ్చటికి దగ్గరనే యున్నవి.