గొడ్లచావిడి ఘాటు

పెరట్లో ఒకటో రెండో గేదెలున్న ఇళ్ళు మన చిన్న పట్టణాలలో ఇప్పటికీ ఉన్నాయి. తెల్లవారుజామున పాలు పితకబోయి చావిడి తలుపు తీయగానే ముక్కు మండి కళ్ళవెంట నీరు కారితే, అది ఉత్త పేడకంపు అనుకోకండి. అది అమ్మోనియా వాయువు. దగ్గు, ఆయాసమంటూ ఆసుపత్రికి వచ్చే పాడి ఇళ్ళ ఆడవాళ్ళను ముందుగా నేను అడిగేది చావిడి సంగతే.

పశువు మూత్రంలో యూరియా ఉంటుంది. పేడలోని సూక్ష్మజీవులు దానిని విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. కనుక మూత్రాన్నీ పేడనూ కలవనీయకపోవడమే అసలు వైద్యం. గచ్చు వెనుకవైపుకు కొంచెం వాలుగా ఉండి, చివర కాలువ ఉండాలి. పేడ రోజుకు రెండుసార్లయినా ఎత్తాలి. తడి ఉన్నచోట ఊక గాని రంపపు పొట్టు గాని చల్లి, అది నానగానే తీసివేయాలి. చలి అని చావిడిని నాలుగువైపులా గోనెపట్టాలతో బిగించేస్తారు. చూరు కింద గాలి పోయే సందు తప్పక వదలండి.

రోజూ అందులో తిరిగేవారి ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడిపోతుంది. "నాకేమీ వాసన రావడం లేదే" అని అత్తగారు అంటే సరిపోదు. బయటినుంచి వచ్చిన మనిషిని అడగండి.

కంపు పోవాలని బ్లీచింగ్ పౌడరు చల్లేవారున్నారు. ఇది మాత్రం ప్రమాదం. మూత్రంతో తడిసిన నేలమీద అది పడితే క్లోరమైన్ అనే విషవాయువులు పుడతాయి. గొంతు మంట, విడవని దగ్గు, ఛాతీ పట్టేయడం కలుగుతాయి. బాగా పీల్చినవారికి కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. పక్కగదిలో ఉబ్బసం పిల్లవాడు పడుకొని ఉంటే చెప్పనక్కరలేదు. తడిపేడ మీద సున్నం చల్లడమూ పొరపాటే, అమ్మోనియా ఇంకా ఎక్కువగా లేస్తుంది. బ్లీచింగ్ వాడక తప్పకపోతే పశువులను బయట కట్టి, నేలను నీళ్ళతో శుభ్రంగా కడిగి, తలుపులు బార్లా తెరిచాకనే వాడండి.

పెంటకుప్ప మీద సూపర్ ఫాస్ఫేటు పలుచగా చల్లితే అమ్మోనియాను కొంత పట్టి ఉంచుతుంది. ఎరువులో నత్రజని కూడా మిగులుతుంది. పశువులు దానిని నాకకుండా చూడండి.

ఎవరికైనా ఊపిరి సలపకపోతే వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. కళ్ళు మండితే 15 నిమిషాలపాటు మంచినీళ్ళు ధారగా పోస్తూ కడగండి, నలపవద్దు. కాస్త తెరిపిచ్చినా, ఆయాసం మిగిలి ఉంటే ఆ రాత్రి ఇంట్లో గడపకుండా ఆసుపత్రికి రండి. ఏమి చల్లారో డాక్టరుకు చెప్పండి.