‘ఇక చాలు’ అనే యంత్రం

నీళ్లు వేడి చేయడానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు. తగిన తీగ, అందులో కరెంటు ఉంటే నీళ్లు వాటంతటవే కాగుతాయి. కష్టమంతా ఆపడంలోనే ఉంది. బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి మరిచిపోయిన ఏ ఇంటివాళ్లనడిగినా ఆ సంగతి చెబుతారు. చేపలున్న 400 లీటర్ల తొట్టెలో హీటర్ పెట్టి, చలికాలమంతా ప్లగ్గు తీయకుండా వదిలేయాలంటే 26 డిగ్రీల దగ్గర ‘ఇక చాలు’ అనీ, కాస్త చల్లబడగానే ‘మళ్లీ కానీ’ అనీ చెప్పే నాథుడొకడు కావాలి. అక్వేరియం హీటర్ కథ అంటే నిజానికి అతగాడి కథే. అది కరెంటు కన్నా పాతది.

1620 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ కొలువులో కోర్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి దేశస్థుడు ఉండేవాడు. థేమ్స్ నదిలో నీటి అడుగున పడవ నడిపించి చూపిన ఘనుడు. కోడిగుడ్లు పొదిగించడానికి ఆయన ఒక కొలిమి కట్టాడు. గుడ్ల పెట్టె చుట్టూ నీళ్లు, ఆ నీళ్లలో ఆల్కహాలు నింపిన గాజుపాత్ర, దానికి అతికిన వంపు గొట్టంలో పాదరసం. వేడి పెరిగితే ఆల్కహాలు వ్యాకోచించి పాదరసాన్ని పైకి నెట్టేది. దాని మీద తేలే కడ్డీ లేచి, మంటకు గాలి అందే దారిని మూసేది. వేడి తగ్గితే కడ్డీ దిగేది, దారి తెరుచుకునేది. పాలు పొంగబోతుంటే పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగే చెయ్యి ఉంటుందే, ఆ చెయ్యి చేసే పనిని డ్రెబెల్ ఒక గొట్టానికి అప్పగించాడు.

పాదరసం, గాజు ఫ్యాక్టరీల మోటుతనానికి నిలిచే సరుకు కాదు. 1830లో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ రెండు లోహాల పట్టీతో పనిచేసే సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. థర్మోస్టాట్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. బట్టల మిల్లుల్లో వేడి ఒకే తీరుగా ఉంచడం ఆయన పట్టించుకున్న సమస్య. సూత్రం తేలికే. ఇత్తడి, ఉక్కు పట్టీలను ఒకదానికొకటి అతికిస్తే, వేడికి ఇత్తడి ఉక్కు కన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగుతుంది. అతుకు విడదు కాబట్టి పట్టీ మొత్తం ఉక్కు వైపుకు వంగుతుంది. అంతకు ముందే, 18వ శతాబ్దంలో, జాన్ హారిసన్ తన సముద్ర గడియారంలో వేడివల్ల వచ్చే తేడాను సరిదిద్దడానికి ఇలాంటి పట్టీనే వాడాడు. వంగే ఈ పట్టీ కొసన విద్యుత్ స్పర్శబిందువు తగిలిస్తే అదే స్విచ్చు. ఇస్త్రీపెట్టెలో టక్కుమనే చప్పుడు దీనిదే. చాలా అక్వేరియం హీటర్లలో ఇవాళ్టికీ ఉన్నదీ ఇదే.

చేపల తొట్టె ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో జనం చూడటానికి మొదటి అక్వేరియం తెరిచారు. ఆ మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో ఆ సరదా ఇళ్లకు పాకింది. అప్పటివన్నీ చల్లనీటి జీవులు, వేడి గొడవ లేదు. 1869లో పారిస్‌కు చెందిన పియర్ కార్బొనియే చేతికి తూర్పు ఆసియా నుంచి ప్యారడైజ్ చేపలు వచ్చాయి. ఆ దారినే ఉష్ణదేశాల చేపలు ఒకటొకటిగా ఐరోపా చేరాయి. అక్కడి చలికి అవి బతకాలంటే తొట్టెకు వెచ్చదనం కావాలి. దాంతో తొట్టె అడుగున పలకరాయి వేసి, దాని కింద గ్యాసు మంటో, నూనె దీపమో పెట్టేవాళ్లు. వత్తి ఎక్కువైతే చేప ఉడికేది, గాలికి ఆరిపోతే చలికి చచ్చేది. రాత్రిపూట లేచి దీపం చూసే మనిషే అక్కడ థర్మోస్టాట్.

కరెంటు వచ్చినా ఒక చిక్కు మిగిలింది. ఇనుప తీగ ఎర్రగా కాలితే గాలిలోని ఆక్సిజన్ దాన్ని తినేస్తుంది. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన మిశ్రలోహం ఆ చిక్కు విప్పింది. సుమారు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం కలిసిన నిక్రోమ్ అది. వేడెక్కగానే దాని ఒంటి మీద క్రోమియం ఆక్సైడు పొర కట్టి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. అక్కడితో వేడి చేసే తీగ సమస్య దాదాపు ముగిసింది. ఆపే స్విచ్చు సమస్య మాత్రం ముగియలేదు.

ఒక గాజు హీటర్‌ను దగ్గరగా చూస్తే ఎందుకో అర్థమవుతుంది. వేడికి తట్టుకునే గాజు గొట్టం, పైన రబ్బరు సీలు. అడుగు భాగంలో పింగాణీ కడ్డీకి చుట్టిన నిక్రోమ్ తీగ. దాని మీద వేలెడు పొడవైన రెండు లోహాల పట్టీ. పట్టీ కొసన, దానికెదురుగా స్థిరంగా ఉన్న కాడ మీద, వెండి మిశ్రమంతో చేసిన చిన్న బొడిపెలు. ఆ రెండూ తాకితే కరెంటు పారుతుంది, విడిపోతే ఆగుతుంది. పక్కనే చిన్న అయస్కాంతం. అదెందుకంటే, పట్టీ నెమ్మదిగా వంగుతూ బొడిపెలు వెంట్రుకవాసి దూరంలో ఊగిసలాడితే మధ్యలో నిప్పురవ్వ లేస్తూనే ఉంటుంది. అయస్కాంతం ఆ ఊగిసలాటను తుంచేస్తుంది. దగ్గరికొస్తే చప్పున లాగుతుంది, విడిపోవాలంటే గట్టిగా లాగితేనే వదులుతుంది. అందుకే వెలిగే డిగ్రీకీ ఆరే డిగ్రీకీ నడుమ అరడిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తేడా ఉంటుంది. అది లోపం కాదు, స్విచ్చు ఆయుష్షు కోసం కట్టిన మూల్యం.

అయినా రవ్వ పూర్తిగా పోదు. 230 వోల్టుల మీద 300 వాట్ల హీటర్ తీసుకునేది 1.3 ఆంపియర్లు. విడిపోయిన ప్రతిసారీ చిన్న మెరుపు, చిటికెడు లోహం కరిగి గట్టిపడటం. గంటకు నాలుగుసార్లు చొప్పున రోజుకు 96, ఏడాదికి 35 వేల సార్లు. ఏదో ఒకనాడు కరిగిన బొడిపెలు అతుక్కుపోతాయి. పట్టీ వంగాలని చూస్తుంది, వెల్డింగ్ వదలదు. ఇక ‘చాలు’ అనేవాడు లేడు.

హీటర్ రెండు రకాలుగా పాడవుతుంది: ఆరిపోయి, లేదా ఆరకుండా. ఈ రెండూ ఒకటి కావు. మూతలేని నాలుగడుగుల తొట్టె, 400 లీటర్ల నీళ్లు, గది 20 డిగ్రీలు, నీళ్లు 26 అనుకుందాం. ఒక్కో డిగ్రీ తేడాకు తొట్టె 25 వాట్లు బయటికి పోగొట్టుకుంటుందని లెక్క వేస్తే, నిలకడగా ఉండటానికి 150 వాట్లు చాలు. హీటర్ ఆరిపోతే నీళ్లు గంటకు డిగ్రీలో మూడో వంతు చొప్పున చల్లబడటం మొదలుపెడతాయి. తెల్లారేసరికి రెండు డిగ్రీలు తగ్గొచ్చు. చేపలకు బాగోదు, తెల్లమచ్చల జబ్బు రావచ్చు, కానీ చూసుకుని సర్దుకునే వ్యవధి ఉంటుంది. ‘పెద్దది మంచిది’ అని కొన్న 600 వాట్ల హీటర్ ఆరకుండా అతుక్కుపోతే? మొదట్లో గంటకు ఒక డిగ్రీ చొప్పున ఎక్కుతూ, ఎనిమిది గంటల్లో 32 దాటుతుంది. వదిలేస్తే 44 దాకా పోయిగానీ ఆగదు. పైగా 26 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 32 దగ్గర 7.3 మాత్రమే. వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంటే, నీళ్లలో అది తరుగుతూ ఉంటుంది.

పెద్ద తొట్టెకు ఒక పెద్ద హీటర్ వద్దనడానికి కారణం ఈ లెక్కే. అదే తొట్టెలో 150 వాట్లవి రెండు పెట్టండి. ఒకటి ఆరిపోతే రెండోది తొట్టెను మోస్తుంది. ఒకటి ఆరకుండా అతుక్కుపోతే, గది 20 దగ్గర ఉన్నంతకాలం నీళ్లు 26 దాటవు, ఎందుకంటే ఆ ఒక్కదాని సత్తా అంతే. గది 28కి చేరితే మాత్రం ఆ 150 వాట్లే నీళ్లను 34కు తీసుకెళ్తాయి. మన ఊళ్లలో హీటర్ పని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. హైదరాబాదులో, ఆదిలాబాదులో చలికాలం రాత్రులకు అది కావాలి. మార్చి రాగానే ‘థర్మోస్టాట్ ఉందిగా’ అని వదిలేయకుండా ప్లగ్గు తీసేయాలి.

స్విచ్చును మెరుగుపరిచే ప్రయత్నాలు మరో దారిలోనూ నడిచాయి. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడులో ఒక వింత గమనించాడు: వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం తగ్గుతోంది. మామూలు లోహాలకు విరుద్ధంగా ఉన్న ఈ గుణమే తర్వాత థర్మిస్టర్‌కు ఆధారమైంది. 1930లో శామ్యూల్ రూబెన్ దాన్ని వాడుకకు తగిన వస్తువుగా మలిచాడు. ఇవాళ హీటర్‌ను బయటి నుంచి వెలిగించి ఆర్పే కంట్రోలర్ అనే పెట్టె దొరుకుతుంది; దాని తీగ చివర నీళ్లలో వేలాడే సెన్సర్‌లో ఉండేది ఇలాంటి గింజే. సాధారణ రకం 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓములు చూపిస్తుంది, డిగ్రీ పెరిగితే దాదాపు నాలుగు శాతం తగ్గుతుంది. చిన్న చిప్పు ఆ తేడాను కొలిచి, తొట్టె బయట ఉన్న రిలేను, అంటే కరెంటుతో నడిచే స్విచ్చును, కలుపుతుంది, విడదీస్తుంది. డిగ్రీలో పదో వంతు అంకె తెర మీద కనిపిస్తుంది. అంకె అంత సన్నగా కనిపించినంత మాత్రాన కొలత అంత నిక్కచ్చి అనుకోకూడదు. ఎస్‌టీసీ-1000 వంటి చవక కంట్రోలర్ పదో వంతు చూపిస్తుంది గానీ, ఒక డిగ్రీ అటూ ఇటూ తప్పవచ్చు. దంచిన ఐసు, కాసిని నీళ్లు కలిపిన గ్లాసులో సెన్సర్ ముంచి చూస్తే సున్నా చూపాలి. ఎంత తప్పుతుందో తెలిస్తే సెట్టింగులో సరిదిద్దుకోవచ్చు.

రిలేలో ఉన్నదీ లోహపు బొడిపెలే. మామూలు రిలేల డేటాషీట్లలో పూర్తి లోడు మీద లక్ష సార్లు అని రాసి ఉంటుంది. లోడు తక్కువైతే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది, కాబట్టి 10 ఆంపియర్ల రిలేకు ఒకటి రెండు ఆంపియర్ల పనే ఇవ్వాలి. అయినా ఏదో ఒకరోజు అదీ అతుక్కుపోవచ్చు. మరి కంట్రోలర్ కొని లాభమేమిటి? లాభం రెండో స్విచ్చు దొరకడం. హీటర్ లోపలి థర్మోస్టాట్‌ను 27.5 దగ్గర, కంట్రోలర్‌ను 26 దగ్గర పెట్టండి. రోజువారీ టక్కుటక్కులన్నీ కంట్రోలరే చేస్తుంది. లోపలి పట్టీ ఎప్పుడూ కలిసే ఉంటుంది, రవ్వ లేదు, అరుగుదల లేదు. రిలే అతుక్కుపోయిన రోజున మాత్రం 27.5 దగ్గర అది విడిపోయి కాపాడుతుంది. చేపలు ఉడకాలంటే రెండూ ఒకేసారి చెడాలి. హీటర్లు పక్కపక్కన రెండు, స్విచ్చులు వరుసగా రెండు: మొదటిది చలి నుంచి కాపలా, రెండోది వేడి నుంచి.

కంట్రోలర్‌కు దానిదైన ఒక బలహీనత ఉంది. సెన్సర్ పట్టు జారి నీళ్ల బయట పడితే, అది గది గాలిని కొలిచి ‘ఇంకా చల్లగానే ఉంది’ అంటుంది. హీటర్ ఆగదు. అందుకే సెన్సర్‌ను నీటిమట్టానికి బాగా కింద, ఫిల్టరు నీళ్లు కదిలే చోట, హీటర్‌కు దూరంగా గట్టిగా బిగించాలి. రెండు హీటర్లనూ ఒకే కంట్రోలర్‌కు తగిలిస్తే అది ఆరిపోయిన రాత్రి రెండూ ఆరిపోతాయి. రెండో హీటర్‌ను నేరుగా ప్లగ్గుకు పెట్టి, దాని థర్మోస్టాట్‌ను 25 దగ్గర ఉంచితే ఆ బెడద తప్పుతుంది. హద్దు దాటితే మోగే అలారం, కరెంటు పోయి వచ్చినా సెట్టింగు మరవని గుణం ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోవాలి.

టైటానియం గొట్టం హీటర్లు పగలవు, పెద్ద చేపల తాకిడికి నిలుస్తాయి. కానీ వీటిలో చాలావాటికి లోపల థర్మోస్టాట్ ఉండదు, భారమంతా కంట్రోలర్ మీదే. అలాంటప్పుడు వరుసలో ఇంకో కంట్రోలర్ పెట్టాల్సిందే. ఇంకొన్నిటిలో నిక్రోమ్ బదులు బేరియం టైటనేట్ జాతి పింగాణీ ఉంటుంది. వేడి ఒక హద్దు దాటితే దాని నిరోధం అమాంతం పెరిగి కరెంటును తనంతట తనే అణుచుకుంటుంది. నీళ్లు లేకుండా వెలిగినా తగలబడదు. ‘సెల్ఫ్ లిమిటింగ్’ అన్న మాట చూసి మోసపోకూడదు మరి. ఆ హద్దు చేపలు తట్టుకునే వేడికి చాలా పైన ఉంటుంది. అది కాపాడేది హీటర్‌ను, చేపలను కాదు.

హీటర్లకు మనుషుల్ని గాయపరిచిన చరిత్రా ఉంది. 2011లో అమెరికాలో మంటలు, గాజు పగుళ్ల భయంతో లక్షల హీటర్లను వెనక్కి రప్పించారు. నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగాలి. కాలిన గాజు గాలికి తేలి, మళ్లీ చల్లనీళ్లు తగిలితే ఫట్‌మంటుంది. గొట్టం లోపల చెమట పట్టినట్టు నీటిబొట్లు కనిపిస్తే సీలు పోయినట్టే, ఆ హీటర్‌ను పారేయాలి. ప్లగ్గు దగ్గరికొచ్చే తీగ ముందు కిందికి జారి తర్వాత పైకెక్కాలి, లేకుంటే నీటిచుక్క తీగ వెంబడే సాకెట్‌లోకి పోతుంది. ఆ లైనుకు ఎర్తింగు, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. తొట్టెలో చెయ్యి పెట్టేది మనమే.

దుకాణంలో హీటర్ చూపించగానే మనం అడిగేది ఎన్ని వాట్లు, ఎన్నేళ్ల వారంటీ అని. వారంటీ హీటర్‌కే గానీ చేపలకు ఉండదు. అందుకని ఇంకో ప్రశ్న కలపండి: ఇది పాడైతే ఆరిపోతుందా, ఆరకుండా పోతుందా? కచ్చితంగా ఆరిపోతుందని చెప్పగల హీటర్ ఇంతవరకూ రాలేదు. రెండో స్విచ్చుకు పెట్టే ఖర్చు దానికోసమే. ఇంటికి తెచ్చాక తొట్టెలో వేయకముందే ఒక బకెట్ నీళ్లలో రెండు రోజులు నడిపి, వేరే థర్మామీటరుతో సరిచూడండి. అది ‘చాలు’ అనాల్సిన చోట అంటుందో లేదో తేలాల్సింది ఆ బకెట్లోనే, చేపల మధ్య కాదు.