నాయిన కొలువులో తన దారి

గోదావరిఖని సింగరేణి గనుల్లో డ్యూటీకి సరిగా రాని కార్మికులకు కౌన్సెలింగ్ పెడతారు. కార్మికుణ్ని ఒక్కణ్నే కాదు, భార్యనో తల్లిదండ్రులనో కూడా పిలిపిస్తారు. ఏడాదికి 100 మస్టర్లు (హాజరు రోజులు) కూడా నిండకపోతే కొలువు మీదికి వస్తుందని, ఇల్లు గడవదని నచ్చజెబుతారు. తాగుడు, అప్పులు, ఒంట్లో బాగోలేకపోవడం, రాత్రి షిఫ్టు పడకపోవడం... కారణాలు చాలానే బయటికొస్తాయి. అసలు ఈ పని నువ్వు కోరుకున్నదేనా అన్న మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

అడగరంటే అర్థముంది. రామగుండం బెల్టులో బొగ్గుబాయి ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి. దశాబ్దాలు సాగిన వారసత్వ ఉద్యోగాలు 1990ల చివర ఆగిపోయాయి. వాటిని తిరిగి తేవాలన్న పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మిగిలిన దారి కారుణ్య నియామకం: తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే పిల్లల్లో ఒకరికి ఉద్యోగం. ఆ ఒకరి వయోపరిమితిని 2024లో 35 నుంచి 40 ఏళ్లకు పెంచారు. అంటే హైదరాబాద్‌లో పదేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్న బీటెక్ పట్టభద్రుడు కూడా ఒకనాటి ఉదయం టోపీ, క్యాప్‌ల్యాంపు పెట్టుకుని బాయిలోకి దిగొచ్చు. తండ్రి కాలంలో తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తినవాడికి ఇంకో దారి లేదు. కొడుక్కి ఉంది, అందుకే మనసు రెండు చోట్ల ఉంటుంది.

పైగా కంపెనీ పేరే చిరునామాగా బతకడం ఎంత ప్రమాదమో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఇక్కడి ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో యూరియా మళ్లీ తయారైంది 2021లో. మధ్యలో ఒక తరం వయసే దాటిపోయింది. సింగరేణిలోనూ 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేలకు అటూఇటూ.

మరి తనను తాను తెలుసుకోవడం ఎలా? అమెరికా మనస్తత్వవేత్త టాషా యూరిక్ దాదాపు 5 వేల మందిని పరిశీలించి, తమ గురించి తమకు తెలుసనుకునేవాళ్లే ఎక్కువని, నిజంగా తెలిసినవాళ్లు నూటికి 10 నుంచి 15 మందేనని తేల్చారు. ‘నాకే ఎందుకిలా?’ అని తవ్వుకునేవాళ్లు సాకుల్లోనే ఆగిపోతారట. ‘ఏ పని నచ్చుతోంది, ఏది నచ్చట్లేదు, ఇప్పుడేం చేయగలను?’ అనేవాళ్లు ముందుకెళ్తారట. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చినవాడికి ఇది తాపీ కబురులా తోచవచ్చు గానీ, బాయిలో ఈ ప్రశ్నలకు చాలా నిర్దిష్టమైన జవాబులున్నాయి.

ఎలాగంటే, కొత్తగా చేరినవాడు రోజూ చూసే పనుల్లోనే ఎన్నో దారులు కనిపిస్తాయి. యంత్రాల మీద చెయ్యి తిరిగితే బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రానికి ఆపరేటర్ కావచ్చు. కరెంటు పని తెలిస్తే ఎలక్ట్రీషియన్. నలుగురి బాధ్యత నెత్తినేసుకోవడం ఇష్టమైతే మైనింగ్ సర్దార్. దానికి గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు, భూగర్భ అనుభవం, గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ పరీక్ష కావాలి. పైకప్పు బాగోలేదనిపిస్తే మనుషుల్ని వెనక్కి పిలిచే అధికారం సర్దార్‌కు చట్టమే ఇచ్చింది. అక్కణ్నుంచి ఓవర్‌మెన్, ఆ పైన సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్లు. ఇంకా పర్మనెంట్ కాని బదిలీ కార్మికుడిగా పేరు పడినవాడికి కూడా ఈ నిచ్చెన మూసి లేదు. లోపం ఎక్కడంటే, చాలామంది తమకు ఏ మెట్టు సరిపోతుందో చూసుకోకుండా మస్టరు లెక్కలోనే ఉండిపోతారు.

భూపాలపల్లి సింగరేణి కార్మికుడి కూతురు రసకట్ల సంధ్య కథ ఇందుకు భిన్నం. ఆమె కొత్తగూడెంలో మైనింగ్ ఇంజనీరింగ్‌లో చేరేనాటికి మహిళలను భూగర్భంలో పనికి దించడానికి చట్టం ఒప్పుకునేది కాదు. కేంద్రం ఆ ఆంక్ష సడలించింది 2019లో. సంధ్య రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ గనుల్లో చేరి, భూగర్భ గనులకు సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ పొందిన తొలి భారతీయ మహిళ అయ్యారు. తండ్రి చేసిన పనే ఆమెను గనివైపు నడిపింది కానీ, ఉద్యోగం వారసత్వంగా రాలేదు.

బాయి పని చేస్తూనే వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. సింగరేణిలో పనిచేసిన పి. చంద్ గని జీవితాన్నే నవలలుగా, కథలుగా రాశారు. ఆయన జీతం వేరు, ఆశయం వేరు అనలేం. గనిలో చూసిందే ఆయనకు రచన.

గనికి దూరంగా, అమెరికాలో ఒక ఆసుపత్రి సఫాయి సిబ్బందిని పరిశీలించిన పరిశోధకులు ఏమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ కూడా ఇలాంటిదే గమనించారు. అదే చీపురు పట్టినా కొందరు తమ పనిని రోగుల సేవగా మలచుకున్నారు. అలాగని యాజమాన్యం దీన్ని చూపించి పని పరిస్థితులను పక్కన పెడితే కుదరదు. గాలి సరిగా ఆడని చోట ఏ ఆశయమూ ఎక్కువ కాలం నిలవదు.

కారుణ్య నియామకం కోసం మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టే తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఉద్యోగం ఎవరి పేర రావాలో తేల్చే ముందు, కొడుకునైనా కూతురినైనా గని దగ్గరికి తీసుకెళ్లండి. సర్దార్‌తోనూ, ఫిట్టర్‌తోనూ, ఆపరేటర్‌తోనూ మాట్లాడనివ్వండి. ఏ పని చేస్తానంటారో వాళ్ల నోటితోనే చెప్పించండి. వద్దంటే ఆ మాటా వినండి.