బరువు తిరిగొస్తే... మళ్లీ ఆపరేషనేనా?

ఎన్నో ఆశలతో బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నారు. సన్నబడ్డారు. ఏళ్లు గడిచాక ముల్లు మళ్లీ పైకి జరుగుతోంది. రెండో సర్జరీకి వెళ్లాలా, ఇంజెక్షన్లు మొదలుపెట్టాలా, ఉన్న బరువు నిలుపుకుంటే చాలా? డేట్ తీసుకునే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ దొరికినవాళ్లు పొద్దుపోయేదాకా దాన్ని వదలరు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కి చదివేవాళ్లదీ, నారాయణగూడలో బ్యాంకు కౌంటర్ వెనకా, షాపు గల్లాపెట్టె దగ్గరా ఉండేవాళ్లదీ రోజంతా కూర్చుని చేసే పనే. బయటికొస్తే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. సాయంత్రానికి మిర్చి బజ్జీ. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా వెళ్తే బిర్యానీ. నడవడానికి ఇందిరా పార్కు దగ్గర్లోనే ఉన్నా, నడిచే తీరిక అందరికీ దొరకదు.

ఇది ఈ మూడు పేటల సంగతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. డైటింగ్, జిమ్ అన్నీ అయ్యాక వీళ్లలో కొందరు ఆపరేషన్ దాకా వెళ్తున్నారు. కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడే అరుణ్ జైట్లీ 2014లో చేయించుకోవడంతో, అంతకుముందు 2011లో నితిన్ గడ్కరీ చేయించుకోవడంతో బేరియాట్రిక్ సర్జరీ పేరు ఇంటింటికీ తెలిసింది. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో చనిపోయినప్పుడు మాత్రం భయం పట్టుకుంది. అంతకు కొన్ని వారాల ముందు ఆమె చేయించుకున్నట్టు వార్తల్లో వచ్చింది లైపోసక్షన్. అది చర్మం కింది కొవ్వును లాగేసే పద్ధతి. బేరియాట్రిక్ సర్జరీ జరిగేది పొట్టకూ పేగులకూ. రెంటినీ ‘కొవ్వు తీసే ఆపరేషన్’ అని ఒకే గాటన కట్టడం చాలామంది ఇప్పటికీ మానలేదు.

ఆ రోజుల్లో ఎక్కువమంది ఎంచుకున్నది స్లీవ్. పొట్టలో మూడొంతులకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టేస్తారు. అప్పుడు చేయించుకున్నవాళ్లలో కొందరికి పెళ్లిళ్లలో ఇప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “ఆపరేషన్ చేయించుకున్నావు కదమ్మా, మళ్లీ ఇలా అయ్యావేంటి?” ఆ మాటకు తలదించుకునే చాలామంది సర్జన్ దగ్గరికి వెళ్తారు. రెండో ఆపరేషన్‌కు అది సరైన కారణం కాదు.

ఎంత పెరిగితే ‘పెరిగినట్టు’?

ముందు ఒక లెక్క వేద్దాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు ఉన్న మనిషిని తీసుకోండి. బీఎంఐ 40 దాటింది. స్లీవ్ అయ్యాక రెండేళ్లలో 68కి దిగారు. తర్వాత అయిదారేళ్లలో 80కి వచ్చారు. అద్దంలో కనిపించేది పెరిగిన 12 కిలోలే. కానీ మొదటి బరువుతో పోలిస్తే ఇప్పటికీ 24 కిలోలు తక్కువ. అంటే ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది, తిరిగి రాలేదు. షుగర్ మాత్రలు తగ్గి, మోకాళ్లు సహకరిస్తుంటే దీన్ని ఫెయిల్ అనడం అన్యాయం.

సర్జరీ తర్వాత ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య బరువు అట్టడుగుకు చేరుతుంది. అక్కడి నుంచి కొంత పెరగడం చాలామందికి మామూలే. ఫిన్లాండ్‌లో 240 మందితో జరిగిన స్లీవ్‌పాస్ పరిశోధన పదేళ్ల ఫలితాలు 2022లో వచ్చాయి. ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉన్న బరువులో స్లీవ్ వాళ్లు 43.5 శాతం, బైపాస్ (పొట్టను చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకు కలిపే రూ-ఎన్-వై పద్ధతి) వాళ్లు 50.7 శాతం తగ్గి నిలిచారు. పై ఉదాహరణలో బీఎంఐ 25కి సరిపోయే బరువు 64 కిలోలు, అదనంగా ఉన్నది 40 కిలోలు. అందులో 43.5 శాతమంటే పదిహేడు కిలోలు. అంటే ఆ 80 కిలోల మనిషి పరిశోధనలోని మధ్యస్థ ఫలితం కంటే మెరుగ్గానే ఉన్నారు.

షుగర్ సంగతీ అంతే. స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్‌ఓఎస్ అధ్యయనంలో సర్జరీకి ముందు షుగర్ ఉన్నవాళ్లలో రెండేళ్లకు 72 శాతం మందికి అది వెనక్కి తగ్గింది. పదేళ్లకు ఆ సంఖ్య 36 శాతానికి పడింది. ఊబకాయం ఒక్క కోతతో తీరిపోయే జబ్బు కాదనీ, బీపీలాగే జీవితాంతం కాచుకోవాల్సిందనీ ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఎందుకు తిరిగొస్తుంది?

తిండి మీద అదుపు లేదనే తీర్పు ఇంట్లోవాళ్లు చాలా తేలిగ్గా ఇచ్చేస్తారు. శరీరం చేసే పని వేరే ఉంది. బరువు తగ్గగానే అది ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. ‘బిగ్గెస్ట్ లూజర్’ టీవీ పోటీలో బరువు తగ్గిన వాళ్లను ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించిన అమెరికా పరిశోధనలో, విశ్రాంతిలో ఉన్నప్పుడు వాళ్ల ఒంటికి అయ్యే ఖర్చు ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగా తేలింది. సర్జరీ ఈ ఎదురుదాడిని చాలావరకు మెత్తబరుస్తుంది. ఆకలి హార్మోన్ గ్రెలిన్ ఎక్కువగా పుట్టే పొట్ట పైభాగాన్ని స్లీవ్‌లో తీసేయడం అందులో భాగమే. అయితే ఆ ప్రభావం అందరిలో ఒకేలా ఉండదు, ఎప్పటికీ అంతే బలంగానూ ఉండదు.

రెండో కారణం నిర్మాణంలో ఉంటుంది. స్లీవ్ గొట్టం సాగవచ్చు. మొదటిసారే పైభాగం కొంత మిగిలిపోయి ఉండవచ్చు. బైపాస్‌లో చిన్న సంచికీ పేగుకూ మధ్య దారి వెడల్పు కావచ్చు. కొందరిలో ఆ సంచికీ, పక్కన వదిలేసిన పాత పొట్టకూ మధ్య దొంగదారి ఏర్పడి తిన్నది పాతదారిలో పోతుంది.

మూడోది తినే తీరు. కోడిముక్క పట్టేసినట్టుంటుంది, మెత్తగా కలిపిన పెరుగన్నం జారిపోతుంది. గుడ్డు రెండు ముద్దలకే నింపేస్తుంది, ఐస్‌క్రీమ్, చాయ్‌లో ముంచిన బిస్కెట్ ఎంతైనా పడతాయి. నమలడానికి ఇబ్బందైన ప్రతిసారీ చేయి మెత్తటి పిండి పదార్థాల వైపు వెళ్తుంది. హాస్టల్ మెస్‌లోనో, ఆఫీసు దగ్గరో పది నిమిషాల్లో తినేయాల్సి వచ్చేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. సర్జరీ అయినవాళ్లకు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది దాదాపు ఆరు గ్రాములు. గుడ్డు కూడా ముట్టని శాకాహారులు ముందే లెక్క వేసుకోకపోతే ఆ అంకె అందదు.

అందరూ మర్చిపోయేది మందుల షీటు. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకూ మూర్ఛకూ వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. థైరాయిడ్, నిద్రలేమి, మెనోపాజ్ కూడా లెక్కలోకి వస్తాయి. మద్యం సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. బైపాస్ తర్వాత అది వేగంగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ముప్పూ పెరుగుతుంది.

కోతకు ముందు వెతుకులాట

అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి రెండో అటెంప్ట్ రాసేవాళ్లు మొదట చూసుకునేది పోయినసారి ఏ పేపర్‌లో మార్కులు పోయాయన్నదే. రివిజన్ సర్జరీకి (రెండో ఆపరేషన్‌కు) ముందు చేయాల్సిందీ అదే. బరువు ఎంతకు వచ్చిందన్న దాన్ని బట్టి గాక, ఎందుకొచ్చిందన్న దాన్ని బట్టి నిర్ణయం ఉండాలి.

మొదటి పని పాత ఆపరేషన్ నోట్స్ సంపాదించడం. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ఏ పద్ధతిలో చేశారు, స్లీవ్ ఎంత సన్నగా చేశారు, బైపాస్ అయితే పేగు ఎంత దాటించారు అన్నవి ఆపరేషన్ నోట్స్‌లోనే ఉంటాయి. తర్వాత ఎండోస్కోపీ. మందు తాగించి తీసే ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్ పొట్ట ఆకారాన్నీ పరిమాణాన్నీ చూపిస్తాయి. పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట ఉంటే ఆమ్లం పైకి తన్నుతోందేమో పరీక్షిస్తారు. రక్తంలో హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, బీ12, ఐరన్, విటమిన్ డి, అల్బుమిన్ చూడాలి. వీటికితోడు డైటీషియన్‌తో కూర్చుని నిజాయతీగా రాసిన తిండి డైరీ. ఇవేవీ చూడకుండా మొదటి కన్సల్టేషన్‌లోనే ‘బైపాస్‌గా మార్చేద్దాం’ అంటే మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి.

దేన్ని దేనిగా మారుస్తారు?

స్లీవ్ తర్వాత బరువుతోపాటు గుండెల్లో మంట కూడా వేధిస్తుంటే రూ-ఎన్-వై బైపాస్‌గా మార్చడం చాలామంది సర్జన్ల మొదటి ఎంపిక. స్లీవ్ తర్వాత రిఫ్లక్స్ (ఆమ్లం పైకి తన్నడం) చిన్న సమస్య కాదు. స్లీవ్‌పాస్ పరిశోధనలోనే పదేళ్లకు స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి అన్నవాహికలో వాపు కనిపిస్తే, బైపాస్ వాళ్లలో అది 7 శాతమే. మంట లేకుండా బరువే సమస్య అయితే మినీ బైపాస్, పేగును ఇంకా ఎక్కువ దాటించే ‘సాడీ’ వంటివి పరిశీలిస్తారు. వీటితో బరువు ఎక్కువ తగ్గే అవకాశం ఉన్నా, దానికి తగ్గట్టే పోషకాల లోపం, మినీ బైపాస్‌లో పసరు పైకి రావడం వంటి ఇబ్బందులుంటాయి. సాగిన గొట్టాన్ని మళ్లీ సన్నం చేసే రీ-స్లీవ్‌ను కొద్దిమందికే సూచిస్తారు. బైపాస్ దారి వెడల్పైన వాళ్లకు పొట్ట కోయకుండా ఎండోస్కోపీతోనే కుట్లు వేసి ఇరుకు చేసే పద్ధతి ఉంది.

రెండోసారి సర్జన్ పని చేసేది పాత మచ్చలు, అతుక్కుపోయిన కణజాలం మధ్య. అందుకే కుట్టు లీకయ్యే ముప్పు, ఆపరేషన్ సమయం, ఆసుపత్రిలో ఉండే రోజులు మొదటిసారి కంటే ఎక్కువ. తగ్గే బరువు మాత్రం సాధారణంగా మొదటిసారి కంటే తక్కువ. బైపాస్‌గా మారితే జీవితాంతం విటమిన్లు, ఏటా రక్తపరీక్షలు తప్పవు. సిగరెట్టు, విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలు పూర్తిగా మానాలి, లేకపోతే అతుకు దగ్గర పుండు పడే ముప్పుంది. ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వేసుకోవాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 లోపంతో మెదడు దెబ్బతినవచ్చు కాబట్టి అత్యవసరంగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంజెక్షన్లు వచ్చాక...

కొన్నేళ్ల కిందట బరువు తిరిగొచ్చినవాళ్లకు ఉన్నవి రెండే దారులు: సరిపెట్టుకోవడం, మళ్లీ కోయించుకోవడం. ఇప్పుడు మూడోది వచ్చింది. 2025 మార్చిలో టిర్జెపటైడ్ ‘మౌంజారో’ పేరుతో, అదే ఏడాది జూన్‌లో సెమాగ్లుటైడ్ ‘వెగోవీ’ పేరుతో మన మార్కెట్లోకి వచ్చాయి. 2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరడం జెనరిక్‌లకు దారి తెరిచింది.

సర్జరీ అయినవాళ్లలో ఇవి పనిచేస్తాయా? లండన్‌లో జరిగి 2023లో ప్రచురితమైన బారి-ఆప్టిమైజ్ పరిశోధనలో, సర్జరీ తర్వాత అనుకున్నంత తగ్గని 70 మందిలో కొందరికి పాత తరం మందు లిరాగ్లుటైడ్ ఇచ్చారు. 24 వారాల్లో వాళ్లు సగటున 8.8 శాతం తగ్గితే, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 0.5 శాతమే తగ్గారు. మత్తు లేదు, కోత లేదు. వద్దనుకుంటే ఆపేయొచ్చు.

చిక్కంతా ఆ ఆపేయడంలోనే ఉంది. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు పరిశోధన చెబుతోంది. కాబట్టి మందు ఖర్చును నెలల లెక్కన కాకుండా ఏళ్ల లెక్కన వేసుకోవాలి. విడుదలైనప్పుడు మౌంజారో 5 మిల్లీగ్రాముల వారం డోసు ధర 4,375 రూపాయలు. ఏడాది దాటితే రెండు లక్షలపైనే. వికారం, మలబద్ధకం ఉంటాయి. ముందే తక్కువ తినే మనిషి మరీ తక్కువ తింటే కండ కరిగిపోతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదిది.

బీమా ఏమంటుంది?

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో జారీ చేసిన ప్రామాణిక నిబంధన ప్రకారం, బేరియాట్రిక్ సర్జరీకి క్లెయిమ్ రావాలంటే బీఎంఐ కనీసం 40 ఉండాలి. లేదంటే 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్-2 షుగర్ లాంటిది తోడై ఉండాలి. మిగతా మార్గాలు ఫలించకపోయి ఉండాలి. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో ఆసియా వాసులకు సర్జరీ పరిమితిని బీఎంఐ 27.5కు తగ్గించినా పాలసీ భాష ఆ దారిన నడవలేదు. మన ఉదాహరణలోని 80 కిలోల మనిషి బీఎంఐ 31 దాటింది. డాక్టర్ సరేనన్నా బరువు కారణంగా క్లెయిమ్ రావడం కష్టం. తీవ్రమైన రిఫ్లక్స్, హెర్నియా, దొంగదారి వంటి లోపాన్ని సరిచేసే సర్జరీ అయితే ఆ కారణాన్ని పరీక్షల రిపోర్టులతో కలిపి పంపి, ముందస్తు అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఎవరు వెళ్లాలి, ఎవరు ఆగాలి?

పరీక్షల్లో సరిచేయదగ్గ లోపం స్పష్టంగా కనిపించినవాళ్లు, మందులకు లొంగని రిఫ్లక్స్‌తో బాధపడేవాళ్లు, పోయిన షుగర్, నిద్రలో ఊపిరాగడం లాంటి జబ్బులు బరువుతోపాటు తిరిగొచ్చి మందులతోనూ అదుపుకాని వాళ్లు రెండో సర్జరీ గురించి గట్టిగా ఆలోచించాలి. పొట్ట, పేగుల నిర్మాణం బాగానే ఉండి ఆకలి మాత్రమే పెరిగినవాళ్లకు ముందు మందులు, డైటీషియన్. సిగరెట్టు మానలేనివాళ్లు, విటమిన్లు ఇప్పటికే మానేసినవాళ్లు, డిప్రెషన్‌కో అతిగా తినే రుగ్మతకో చికిత్స మొదలుపెట్టనివాళ్లు ఆగాలి. పెరిగినా మొదటి బరువు కంటే చాలా కిందే ఉండి ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లు ఏమీ చేయించుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

సర్జన్‌ను అడగండి

• నా బరువు తిరిగి రావడానికి కారణం ఏ పరీక్షలో, ఎక్కడ కనిపించింది?
• మీరు సొంతంగా ఎన్ని రివిజన్ సర్జరీలు చేశారు? లీక్‌లు ఎన్ని?
• ఈ పద్ధతితో నాకు ఎంత తగ్గవచ్చు? అయిదేళ్లకు ఎంత నిలవవచ్చు?
• ముందు ఆరు నెలలు మందులు వాడి చూస్తే నష్టమేమిటి?
• రాత్రిపూట సమస్య వస్తే ఐసీయూ, ఎండోస్కోపీ మీ దగ్గరే ఉన్నాయా?
• ప్యాకేజీలో కాంప్లికేషన్ల ఖర్చు కలిసి ఉందా?

మొదటి ప్రశ్నకు రిపోర్టు చూపించి జవాబు చెప్పగలిగిన డాక్టర్ దగ్గరే డేట్ తీసుకోండి.