రెక్క విరిగితే డొక్క నిండేదెట్లా?

వైకల్య బీమా: సర్కారు పథకాలు, ప్రైవేటు పాలసీలు, కూలీ హక్కులు

ఖమ్మం జిల్లా నుంచి ఒక వ్యవసాయ కూలీ మా దగ్గరికి వచ్చాడు. ముప్పయ్యేళ్ల మనిషి. కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయింది. మొక్కజొన్న నూర్పిడి మిషనులో కంకులు తోస్తుండగా చొక్కా చెయ్యి పళ్లకు చిక్కుకుంది. కేక పెట్టేలోపే చెయ్యి పోయింది. ఆసుపత్రి ఖర్చుకు మిషను యజమాని పదివేలు చేతిలో పెట్టి, "ఇక నాకూ నీకూ ఏమీ లేదు" అని స్టాంపు కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాడు. కుడి బొటనవేలు లేదు గనుక ఎడమది వేయించుకున్నాడు.

ఇది జరిగి ఏడు నెలలయింది. "పింఛను కాగితం ఎట్లా రాయాల్నో చెప్పండి సారూ" అని అడగడానికి వచ్చాడాయన. బ్యాంకు పాస్‌బుక్కు కూడా తెచ్చుకున్నాడు. మేము అది తిరగేశాం. వరుసగా రెండేళ్లు మే నెలలో ఖాతాలోంచి ఇరవయ్యేసి రూపాయలు కోశారు. "ఇదేంటో తెలుసునా?" అంటే, "బ్యాంకోళ్లు ఏదో చార్జీలంటరు గద సారూ" అన్నాడు.

అది చార్జీ కాదు, బీమా. చెయ్యి పోయిన మనిషికి లక్ష రూపాయలు రావలసిన బీమా. తన పేరున వున్న బీమా సంగతి ఆ కూలీకి తెలియదు. డబ్బు కోసిన బ్యాంకు చెప్పలేదు. అందుకే ఈ వారం వైకల్య బీమా గురించి వివరంగా రాయాలనుకున్నాం. రెక్కాడితే గాని డొక్కాడని వాళ్లకు రెక్క విరిగిన రోజున ఏ చట్టం, ఏ పథకం, ఏ పాలసీ అక్కరకొస్తుందో సంఘాల కార్యకర్తలంతా తెలుసుకోవాలి.

ఇరవై రూపాయల బీమా

దీని పేరు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 2015 మేలో మొదలైంది. అప్పుడు ఏడాదికి ప్రీమియం 12 రూపాయలు. 2022 జూన్ 1 నుంచి 20 రూపాయలు చేశారు. 18 నుంచి 70 ఏళ్ల లోపు వయసుండి బ్యాంకు ఖాతా వున్న వాళ్లెవరైనా చేరవచ్చు. భూమి వుందా, లేదా అన్న ప్రశ్న లేదు. కౌలు రైతయినా, పాలేరయినా, కలుపు తీసే ఆడకూలీ అయినా సరే.

ప్రమాదంలో మనిషి చనిపోతే 2 లక్షలు. రెండు కళ్లూ పోయినా, రెండు చేతులు గాని రెండు కాళ్లు గాని పనికిరాకుండా పోయినా, ఒక కన్నుతోపాటు ఒక చెయ్యో కాలో పోయినా 2 లక్షలు. ఒక కన్ను గాని, ఒక చెయ్యి గాని, ఒక కాలు గాని పోతే 1 లక్ష. అంతవరకే. రెండు వేళ్లు తెగితే ఏమీ రాదు. నడుం విరిగి ఆరు నెలలు మంచాన పడి తర్వాత లేస్తే ఏమీ రాదు. ఆసుపత్రి ఖర్చు కూడా ఇందులో రాదు.

ఈ బీమాలో మనవాళ్లు మోసపోయే చోట్లు నాలుగున్నాయి.

ఒకటి, ఏడాది లెక్క జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖరున ఖాతాలో ఇరవై రూపాయలు లేకపోతే బీమా ఆగిపోతుంది. రెండు, నాలుగు బ్యాంకుల్లో నాలుగుసార్లు కోసినా పరిహారం ఒక్కసారే వస్తుంది. మూడు, ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు క్లెయిము కాగితం బ్యాంకులో ఇవ్వాలి. నాలుగు, రుజువులు. రోడ్డు ప్రమాదమైతే పోలీసులకు రిపోర్టు చేసి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోవాలి. పాము కరిచినా, తాటిచెట్టు మీది నుంచి పడినా వెంటనే ఆసుపత్రిలో రాయించిన కాగితం చూపాలి. నాటువైద్యం చేయించి పది రోజులకు ఆసుపత్రికి పోతే ఆ కాగితం దొరకదు. కాబట్టి ముందు సర్కారు దవాఖానాకు పోయి, "ఇట్లా జరిగింది" అని కారణంతో సహా చీటీ మీద రాయించుకోవాలి.

జన్‌ధన్ ఖాతా వున్నవాళ్లకు ఇచ్చే రూపే కార్డు మీద మరో ప్రమాద బీమా వుంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు 2 లక్షలు, అంతకుముందు వాటికి 1 లక్ష. అయితే ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డు ఒక్కసారయినా వాడి వుండాలి. కార్డును ట్రంకుపెట్టెలో దాచుకున్న వాళ్లకు బీమా వర్తించదు. కిసాన్ క్రెడిట్ కార్డు వున్న రైతులు ప్రమాద బీమా తమకు కట్టారో లేదో బ్యాంకులో అడిగి కాగితం తీసుకోవాలి. ఏటా 436 రూపాయలు కోసే జీవనజ్యోతి బీమా మాత్రం చావుకే గాని వైకల్యానికి కాదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవద్దు.

చస్తే అయిదు లక్షలు, బతికితే సున్నా

తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా అమల్లో వుంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్.ఐ.సి.కి కడుతుంది. ఎన్నో కుటుంబాలకు ఇది ఆసరా అయిన మాట నిజం, కాదనలేం. కాని ఇందులో లోపాలు రెండున్నాయి. రైతు చస్తేనే డబ్బు. రెండు కాళ్లూ పోయి బతికితే పైసా రాదు. పట్టా వున్నవాడే రైతు. చేను చేస్తున్న కౌలుదారు ఈ లెక్కలో రైతు కాడు, కూలీ సంగతి సరేసరి. మా దగ్గరికి వచ్చిన మనిషి ఎకరంన్నర కౌలు కూడా చేస్తాడు. ఆయనకు రెండు తలుపులూ మూసే వున్నాయి.

ఇది వీలుకాని కోర్కె ఏమీ కాదు. ఉత్తరప్రదేశ్‌లో 2019 సెప్టెంబరు నుంచి వర్తించేలా తెచ్చిన రైతు ప్రమాద పథకంలో చావుతో పాటు వైకల్యమూ వుంది, కౌలుకు, పాలుకు చేసేవాళ్లూ వున్నారు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? ఆంధ్రప్రదేశ్‌లో 2016లో అసంఘటిత కార్మికుల కోసం తెచ్చిన చంద్రన్న బీమాలో ప్రమాదవశాత్తు పూర్తి వైకల్యానికి 5 లక్షలు పెట్టారు. ప్రభుత్వం మారితే పథకం పేరు మారింది, నిబంధనలూ మారాయి. కూలీ మాత్రం ప్రతిసారీ కొత్తగా పేరు నమోదు చేయించుకోవలసి వస్తున్నది.

యజమాని బాధ్యత

అసలు హక్కు వేరే వుంది. అది బీమా కన్నా పెద్దది. దాని గురించి పల్లెల్లో ఎవరూ చెప్పరు.

పనిలో గాయపడ్డ వాళ్లకు యజమాని నష్టపరిహారం చెల్లించాలని 1923లోనే చట్టం వచ్చింది. ట్రాక్టర్లతో గాని, ఆవిరి, కరెంటు లేదా ఇతర యంత్రశక్తితో నడిచే పరికరాలతో గాని వ్యవసాయ పని చేసేవాళ్లు ఆ చట్టం జాబితాలో వున్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఆ పాత చట్టాన్ని ఒక అధ్యాయంగా కలిపారు. లెక్క కట్టే పద్ధతి అదే.

ఆ లెక్క ఎట్లా వుంటుందో చూడండి. రోజుకు 500 చొప్పున నెలకు 24 రోజుల కూలి అనుకుంటే 12,000 అవుతుంది. పూర్తి వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 7,200 రూపాయలను వయసుకు తగిన గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్ల మనిషికి ఆ గుణకం 207.98. మొత్తం 14 లక్షల 97 వేలు దాటుతుంది. ఒక చెయ్యి పోతే సంపాదన శక్తిలో 60 శాతం పోయినట్టు చట్టం పట్టికలోనే రాసి వుంది. అంటే మన కూలీకి రావలసింది సుమారు 8 లక్షల 98 వేలు. చేతిలో పెట్టింది పది వేలు!

ఆ స్టాంపు కాగితం మాటేమిటి? పరిహారం హక్కు వదులుకుంటున్నానని కూలీ చేత రాయించుకున్న ఏ ఒప్పందమూ చెల్లదని 1923 చట్టమే చెప్పింది. వేలిముద్ర వేశాం గదా అని భయపడి వూరుకోనక్కర లేదు. కార్మిక శాఖ అధికారి వద్ద దరఖాస్తు పెట్టవచ్చు. ఆలస్యం మాత్రం చేయకూడదు. ఆ రోజు ఎవరి కల్లంలో, ఎవరి మిషను మీద పని చేశామో చెప్పే సాక్షులే ఇందులో కీలకం. వారం రోజుల్లోనే తోటి కూలీల చేత రాయించి పెట్టుకోవాలి.

ఇక్కడ రైతు సోదరులకు ఒక మాట. కొంతమంది చిన్న రైతులే అప్పు చేసి ట్రాక్టరు, నూర్పిడి మిషను కొని అద్దెకు తిప్పుతున్నారు. తొమ్మిది లక్షలు వాళ్లెక్కడి నుంచి తెస్తారు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కూలీ నోరు నొక్కడం కాదు, బీమా. యజమాని బాధ్యతకు సాధారణ బీమా కంపెనీలు పాలసీలిస్తాయి. మిషను కొన్నప్పుడే అది తీసుకోవాలి. నూర్పిడి మిషన్ల ప్రమాదాలు చూసి పార్లమెంటు 1983లోనే ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. గాయపడ్డ కూలీకి పరిహారం కూడా ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. నలభై ఏళ్లు దాటినా మన కల్లాల్లో ఆ చట్టం పేరు విన్నవాళ్లు లేరు.

ట్రాక్టరు ట్రాలీలో కూలీలను ఎక్కించడం మరో ప్రమాదం. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలోను, అదే ఏడు జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలోను కూలీలతో వెళుతున్న ట్రాక్టర్లు కాల్వల్లో పడి పొలం పనులకు పోయే ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ట్రాలీ మనుషుల్ని మోసేది కాదంటూ కంపెనీలు ఇలాంటి కేసుల్లో అడ్డం తిరుగుతాయి. గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే మాత్రం 2022 ఏప్రిల్ 1 నుంచి తీవ్ర గాయానికి 50 వేలు, చావుకు 2 లక్షలు కేంద్రం ఏర్పరచిన నిధి నుంచి ఇవ్వాలి.

ప్రైవేటు పాలసీలో ఏముంది?

కొంచెం వెసులుబాటు వున్న రైతుల ఇళ్లకు ఏజెంట్లు వస్తుంటారు. వాళ్లను ఏమడగాలి?

ప్రమాద బీమా పాలసీలో మూడు రకాల వైకల్యం వుంటుంది. శాశ్వత పూర్తి వైకల్యం, శాశ్వత పాక్షిక వైకల్యం, తాత్కాలిక వైకల్యం. మూడోది చాలా పాలసీల్లో అదనపు సొమ్ము కడితేనే వస్తుంది. మనకు ఎక్కువగా కావలసింది అదే, ఎందుకంటే కాలు విరిగి మూడు నెలలు పనికి పోలేని వాళ్లే పల్లెల్లో ఎక్కువ. కాని వారం వారం డబ్బు ఇచ్చే ముందు కంపెనీ ఆదాయానికి రుజువు అడుగుతుంది. కూలీకి జీతం చీటీ ఎవరిస్తారు?

బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ నుంచి 'సరళ్ సురక్షా బీమా' అనే ఒకే తరహా ప్రమాద పాలసీ అమ్మాలని కంపెనీలకు నిబంధన పెట్టింది. రెండున్నర లక్షల నుంచి కోటి వరకు తీసుకునే వీలు కల్పించింది. అలాంటి పాలసీ వుందా అని మొదట అడగండి. వృత్తి ఏమిటో దాచకుండా రాయించండి. ఆఫీసులో కూర్చునేవాడికి ఒక రేటు, యంత్రాల మీద పనిచేసేవాడికి ఎక్కువ రేటు వుంటుంది. ఏజెంటు తక్కువ ప్రీమియం కోసం "వ్యాపారం" అని రాస్తే, రేపు చెయ్యి పోయినప్పుడు కంపెనీ ఆ ఒక్క మాట పట్టుకుంటుంది. తాగి వుంటే, లైసెన్సు లేకుండా బండి నడిపితే డబ్బు రాదు.

జీవిత బీమా వున్నవాళ్లు ప్రమాద వైకల్య రైడరు చేర్చుకోవచ్చు. ఎల్.ఐ.సి. రైడరులో వైకల్యం వస్తే ఆ మొత్తాన్ని పదేళ్లపాటు నెలవారీగా ఇస్తారు, మిగతా ప్రీమియం కట్టనక్కర లేదు.

ఒక సంగతి మరచిపోవద్దు. ఇవన్నీ ప్రమాదానికే. పక్షవాతం వచ్చినా, చక్కెర జబ్బుతో కాలు తీసేసినా ప్రమాద బీమా ఒక్క పైసా ఇవ్వదు.

చివరికి మిగిలేది పింఛను

అప్పుడు దిక్కు ప్రభుత్వ పింఛనే. వైకల్యం 40 శాతం తక్కువ కాకుండా వున్నట్టు ప్రభుత్వ డాక్టర్ల బోర్డు సర్టిఫికెట్టు కావాలి. తెలంగాణలో 2023లో వికలాంగుల పింఛను 4,016 రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000; పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకు 15,000. అదే రాష్ట్రంలో 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన పేరుతో ఎందరికో నోటీసులందాయి. కేంద్రం సంగతి మరీ ఘోరం. 80 శాతం వైకల్యం వున్న పేదవాడికి 2012లో నెలకు 300 రూపాయలు చేసింది. ఆ తర్వాత ధరలు ఎంత పెరిగినా ఆ మొత్తం అలాగే వుండిపోయింది.

ఫ్యాక్టరీ కార్మికుడికి 1948 నాటి చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. వుంది. గాయపడి పని చేయలేని రోజులకు కూలిలో 90 శాతం వస్తుంది. అది కార్మికవర్గం పోరాడి సాధించుకున్నది. దేశానికి తిండి పెట్టే కూలీకి ఆపాటి హక్కు లేదు.

బ్యాంకు లేదా కంపెనీ కాదంటే

మన కూలీకి బ్యాంకు వాళ్లు "30 రోజులు దాటింది" అని చెప్పి పంపేశారు. అది నోటిమాట. అంగీకరించవద్దు. సకారణమైన ఆలస్యాన్ని సాకుగా చూపి నిజమైన క్లెయిములు తోసిపుచ్చరాదని నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకు చెప్పింది. బీమా వున్నట్టు బ్యాంకు చెప్పకపోవడం, మనిషి ఆసుపత్రిలో పడి వుండడం కారణాలు కావా? కాగితం రాసి ఇచ్చి రశీదు తీసుకోవాలి. నెలలో జవాబు రాకపోయినా, కాదన్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా వుంది. మేము ఆయన చేత రెండు దరఖాస్తులు రాయించాం: ఒకటి బ్యాంకుకు, రెండోది కార్మిక శాఖకు. పింఛను కాగితం మూడోది.

రైతు బీమాలో వైకల్యాన్ని చేర్చాలి. కౌలు రైతులకు, కూలీలకు దాన్ని విస్తరించాలి. 2015లో పెట్టిన 2 లక్షలు, ప్రీమియం పెంచిన 2022లో కూడా పెరగలేదు, దాన్ని పెంచాలి. ప్రతి నూర్పిడి మిషనుకు కూలీల బీమా తప్పనిసరి చేసి, చిన్న రైతుల తరఫున ప్రీమియం ప్రభుత్వం భరించాలి. కేంద్ర పింఛను 300 అన్న సిగ్గుమాలిన అంకెను మార్చాలి. ఈ కోర్కెల మీద రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు కలిసి కదలాలి.

అంతవరకు ఒక పని చేయండి. ఈ ఆదివారం సంఘం కార్యకర్తలు వాడవాడా తిరిగి ప్రతి ఇంటి పాస్‌బుక్కు తెరిపించి, మే నెలలో ఇరవై రూపాయలు కోశారో లేదో చూడండి. కోస్తే ఆ మాట ఇంటిల్లిపాదికీ చెప్పండి. కోయకపోతే మర్నాడే బ్యాంకుకు తీసుకుపోండి.