పలు కంఠముల పాట



మన సంగీతమున శ్రుతి నాధారముగ జేసికొని ఒక్క స్వరమాలయే నడచును. పదుగురు కూడి భజన చేసినను అందఱిదియు నా వరుసయే. పాశ్చాత్యుల మేళనగానమున నట్లు కాదు. ఒకరు షడ్జమును నిలుపగా వేఱొకరు గాంధారమును, మఱియొకరు పంచమమును ఒక్కమాఱే పలుకుదురు. స్వరములు వేఱు, నాద మొకటి. అట్టి గానమున 1871లో పుట్టి నేటికిని పాడుచున్న అమెరికాలోని ఫిస్క్ జూబిలీ గాయక బృందమును గూర్చి కొంత మనవి చేసెదను.

1865లో అమెరికా అంతర్యుద్ధము ముగిసి నల్లజాతివారికి దాస్యవిముక్తి కలిగెను. మఱుసటి యేడు వారి చదువు కొఱకు టెనెసీ రాష్ట్రమందలి నాష్‌విల్ పట్టణమున ఫిస్క్ విద్యాలయము వెలసెను. అయిదేండ్లకే అది అప్పులపాలై మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు కోశాధికారియు సంగీతోపాధ్యాయుడు నగు జార్జి వైట్, తొమ్మండుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని, 1871 అక్టోబరు 6వ తేదీన ఊరూర పాడి ధనము దెచ్చుటకు బయలుదేఱెను. వారిలో పెక్కురు బానిసలుగా పుట్టినవారే. యాత్ర తొలినాళ్లలో ఒక సభలో లభించిన సొమ్ము కొద్దిపాటిదే. దానిని షికాగో అగ్నిప్రమాదమున నష్టపడినవారి కిచ్చివేసిరి! ఆ దానమును తలచినప్పుడెల్ల నా మనస్సు కరగును.

తొలుత వారు సభలకు పరిచితములైన ఐరోపా పాటలనే పాడిరి. తమ తలిదండ్రులు పాడుకొనిన భక్తిగీతములను నలుగురిలో పాడుటకు సంకోచించిరి. అవి వారికి పవిత్రములు. మఱవగోరిన దాస్యమునకు గుర్తులును. తుదకు వానినే పాడగా విన్నవారు కన్నీరు నించిరి. 1873లో విక్టోరియా రాణియు వినెను. అట్లు కూడిన ధనముతో కట్టిన జూబిలీ హాలు నేటికిని నిలిచియున్నది.

ఈ గానమున కింతటి యాయువు ఏల కలిగినది? వైట్ తన శిష్యులచే మిక్కిలి మెల్లగ పాడించెడివాడు. మెల్లగ పాడువానికే ప్రక్కవాని స్వరము వినబడును, వినినవాడే కలియగలడు. నేను బడిపిల్లలచే పద్యములు కలిసి చదివించునపుడు గమనించినదియు నిదియే. గట్టిగ నఱచువాడే వరుస తప్పించును. ఫిస్క్ విద్యార్థులు చదువు ముగించి వెడలిపోదురు, క్రొత్తవారు వత్తురు. పాట ఏ యొక్కరి సొత్తును గాదు, కావుననే నిలిచినది. 2021లో వారికి గ్రామీ బహుమానము లభించెను. నాడు ఆ బృందము బడిని నిలిపెను. నేడు ఆ బడియే బృందమును నిలుపుచున్నది.