ఆ బొమ్మ ఎవరు వేశారు?

సెలవులు దగ్గర పడితే మన సంఘాలలో పోటీల సందడి మొదలవుతుంది. వి.బి.ఎస్. ముగింపునాడు ఒకటి, సండేస్కూలు వార్షికోత్సవానికి ఒకటి, క్రిస్మస్‌కు ముందు మరొకటి. వాక్యాలు కంఠస్థం చేయించే పోటీలు మన తాతల నాటి నుండి ఉన్నవే. ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకు చదివే పిల్లలకు బొమ్మలు, వ్యాసాలు కూడా పెడుతున్నారు. సంతోషమే. అయితే కొన్నేళ్ల క్రిందట ఆళ్లగడ్డ ప్రాంతంలో మేము తీర్పరులుగా కూర్చున్న ఒక పోటీ సంగతి తల్లిదండ్రులకు చెప్పవలసి ఉన్నది. తప్పు మాదే గనుక దాచుకోనక్కరలేదు.

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. ఊరు వచ్చిందని బస్సులో కళ్లు మూసుకున్నవారికి కూడా తెలుస్తుంది, ఉలి చప్పుడు వినబడుతుంది గనుక. రోడ్డు ప్రక్కన పాకల క్రింద శిల్పులు రాయి చెక్కుతూ ఉంటారు. దేవతామూర్తులు, నాయకుల విగ్రహాలు, అన్నీ అక్కడే తయారవుతాయి. ఈ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఆ రోజు పిల్లలు ఇంటి దగ్గర వేసి తెచ్చిన బొమ్మలు బల్లమీద పరిచారు. ఇష్టమైనది ఏదైనా గీయవచ్చునన్నారు. సగం మంది రెండు కొండల నడుమ సూర్యుడు, పూరిల్లు, కొబ్బరిచెట్టు గీశారు. నల్లమలను రోజూ చూచే పిల్లవానికి కొండ త్రికోణంగా ఉండదని తెలియదా? ఆళ్లగడ్డలో అన్ని కొబ్బరిచెట్లు ఎక్కడివి? మరికొందరు క్యాలెండరులోని మంచి కాపరిని దించారు. వాటిలో ఒకటి రంగులతో మెరిసిపోతున్నది. మొదటి బహుమతి దానికే ఇచ్చాము.

ఏడవ తరగతి పిల్లవాడు ఒకడు పెన్సిలుతో మాత్రమే గీశాడు. అతని తండ్రి రాయి చెక్కుతున్నాడు. రాతిలో నుండి భుజాలు బయటికి వచ్చాయి, తల ఇంకా రాలేదు. తండ్రి కనుబొమల మీద తెల్లని రాతిపొడి. ఒక కాలికే చెప్పు ఉన్నది. మేము ఆ కాగితాన్ని రెండుసార్లు చేతికి తీసుకున్నాము. ఇంతలో పెద్దాయన ఒకరు, “విగ్రహం బొమ్మకు మందిరంలో బహుమతి ఏమిటయ్యా?” అన్నారు. మేము నోరు మెదపలేదు. బహుమతులైన తరువాత ఆ పిల్లవాడు తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మొదటి బహుమతి అందుకున్న చిన్నమ్మాయి మాత్రం కల్లాకపటం లేకుండా, “బొమ్మ మా అక్క వేసిందండీ, గడ్డికి రంగు నేను వేసినాను” అని చెప్పింది.

తిరుగు ప్రయాణంలో మాకు బెసలేలు గుర్తుకు వచ్చాడు. నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు అతనిని తన ఆత్మతో నింపి బంగారము, వెండి, రాయి, కఱ్ఱ పనులలో నేర్పు ఇచ్చాడు. ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా అతనికి, అహోలీయాబుకు ఇచ్చాడని 35వ అధ్యాయంలో ఉన్నది. రాయి చెక్కే చెయ్యి దేవునికి చిన్నదేమీ కాదన్నమాట. అయినా ఆ పిల్లవాడు గీసినది విగ్రహాన్ని కాదు, తండ్రిని. ఈ మాట ఆ పెద్దాయనతో అప్పుడే అనవలసింది.

పిల్లల స్వంత చేతిపనికి విలువ కట్టే పోటీలు మన దేశంలో చాలాకాలంగా ఉన్నాయి. కార్టూనిస్టు శంకర్ 1949లోనే పిల్లల చిత్రాల, రచనల పోటీ ప్రారంభించారు. అంతర్జాతీయ తపాలా సంఘం 1971 నుండి పిల్లలకు ఉత్తరాల పోటీ జరుపుతూ వచ్చింది. మన తపాలాశాఖ 2017లో మొదలుపెట్టిన ‘ధాయీ ఆఖర్’ ఉత్తరాల పోటీలో 18 ఏండ్ల లోపువారికి వేరే విభాగం పెట్టారు. ఉత్తరం చేతితోనే రాయాలి, తెలుగులో రాయవచ్చును. ఇన్‌లాండ్ కవరయితే 500 మాటలు మించకూడదు. తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు చదివేవారికి 2015లో ప్రారంభమైన ‘కళా ఉత్సవ్’ ఉన్నది. మన సండేస్కూలు పిల్లలలో వీటి పేరు విన్నవారు తక్కువ. బడిలో ఉపాధ్యాయులను అడిగి చూడండి.

తరువాత నంద్యాలలో మాకు మరొక అవకాశం దొరికింది. ఈసారి బొమ్మలు ఇంటినుండి తేవద్దన్నాము. హాలులో చాపలు పరిచి, తలా ఒక కాగితం ఇచ్చి, “మీ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో గీయండి” అన్నాము. తల్లులను వరండాలో కూర్చోబెట్టడమే కష్టమయింది. కిటికీలోనుండి “ఆ కాలు వంకర వచ్చింది చూడు” అని ఒకటే కేకలు! రెండు గంటల తరువాత మిషను కుట్టే అమ్మ, ఆటో తుడిచే మామ, జొన్నరొట్టె తట్టే అవ్వ వచ్చారు. కొబ్బరిచెట్టు ఒక్కటీ లేదు.

వ్యాసాలకు బదులు ఉత్తరం రాయమన్నాము. అంతకుముందు ‘నీతి’ మీద వ్యాసమంటే గైడులోని వాక్యాలే ఇరవై కాగితాలలో చదివేవారము. ఉత్తరమనేసరికి పిల్లల భాష మారిపోయింది. తొమ్మిదవ తరగతి అమ్మాయి కువైట్‌లో ఉన్న నాన్నకు రాసింది. బోరు మోటారు కాలిపోయిందనీ, నాన్నకు చెప్పవద్దని అమ్మ అన్నదనీ, తనకు మాత్రం చెప్పకుండా ఉంటే నిద్ర పట్టడంలేదనీ. ఒత్తులు, దీర్ఘాలు చాలాచోట్ల తప్పులే. తప్పులకు మార్కులు తగ్గించాలని మాలో ఒకరు గట్టిగా పట్టుబట్టారు. చాలాసేపు వాదించుకున్నాము. చివరకు మొదటి బహుమతి ఆ ఉత్తరానికే ఇచ్చాము.

ఆ కాగితాన్ని నోటీసుబోర్డుకు అంటించబోతుంటే అమ్మాయి దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది: “అది నాకు తిరిగి ఇస్తారా అండీ? నాన్నకు పంపాల.”